నాట్యం, శిల్పం, రంగస్థలం కలిసిన ప్రయోగ ప్రదర్శన: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలోనూ గుంటూరులోనూ మా ప్రదర్శనలు చూసినవాళ్ళు, రావాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు, పిల్లల్ని రిహార్సల్‌కు పంపే ముందు అన్నీ కనుక్కునే తల్లిదండ్రులు, స్టేజి ఇచ్చే ముందు ఇనుము బరువు ఎంతని అడిగే హాలు మేనేజర్లు మమ్మల్ని అడిగిన ప్రశ్నలివి. కొన్నిటికి ఒక్క ముక్కలో చెప్పాం. కొన్నిటికి తీరిగ్గా చెప్పకపోతే అన్యాయమవుతుంది కాబట్టి తీరిగ్గానే చెప్పాం.

అసలు ఇదేమిటి? డాన్సా, నాటకమా, శిల్పాల ఎగ్జిబిషనా?

నాట్యమే. మామూలుగా నాట్యం తయారయ్యాక దానికి వెనకాల సెట్టు వేస్తారు. ఇక్కడ శిల్పి మొదటి రోజు నుంచీ రిహార్సల్‌లో ఉంటారు. నర్తకి మోకాలు ఆనడానికి చోటు లేదంటే శిల్పంగా పెట్టిన ఇనుప చట్రం వంపు మారుతుంది. చట్రం వంపు మారితే ఆ తర్వాత పడే అడుగు మారుతుంది. ఈ రెండూ నిలబడే చోటు, అంటే స్టేజి ఎత్తు, లోతు, జనం కూర్చునే వైపు, వీటన్నిటినీ కూడా అప్పుడే తేల్చుకుంటాం. శిల్పాన్ని పక్కకు తీసేసి అదే నాట్యాన్ని అలాగే ఆడగలిగితే, మా లెక్కలో ఆ ప్రదర్శన ఇంకా తయారు కానట్టే.

కథ ఉంటుందా?

చాలావాటిలో ఉండదు. పాత్రలుండవు, సంభాషణలుండవు. ఒక్కోసారి ఒక సందర్భం ఉంటుంది: ఎదురుచూపు, మోయడం, దారి మూసుకుపోవడం లాంటిది. దాన్ని ముందే కరపత్రంలో రాసి ఇవ్వం. రాసి ఇస్తే జనం స్టేజి వదిలేసి కాగితంతో సరిపోల్చుకుంటూ కూర్చుంటారు.

కథ లేకపోతే మేం చూడాల్సింది ఏమిటి?

బరువు చూడండి. ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఇదొక్కటి చదవండి.

నర్తకి ఒంటి బరువు ఈ క్షణాన ఎక్కడుంది? కుడి పాదం మీదా, మడమ మీదా, ఇనుప కడ్డీకి ఆనించిన మోచేతి మీదా? చదునైన నేల మీద అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో కూర్చుంటే బరువు రెండు పాదాలకూ సమంగా దిగుతుంది. అదే అరమండి ఏటవాలు చెక్క మీద కూర్చోమనండి. కింది వైపు కాలు ఎక్కువ మోస్తుంది. నడుము దాన్ని సరిచేయాలని చూస్తుంది. మెడ రెండోవైపు వెళుతుంది. చేతులు ఏ ముద్రా పట్టకుండానే గాల్లో ఆధారం వెతుకుతాయి. ఆ అమ్మాయిని ఏ భావమూ అభినయించమని మేం అడగం. అయినా చూసేవాళ్ళకు ఆ ఒంట్లో పెనుగులాట కనిపిస్తుంది, ఎందుకంటే అది అక్కడ నిజంగానే జరుగుతోంది.

తర్వాత శిల్పం బరువు చూడండి. కొన్నిటిని చూడగానే బండరాయి అనిపిస్తుంది, ఒక్క చేత్తో లేపేస్తారు. కొన్ని సన్నటి కడ్డీల్లా ఉంటాయి, నలుగురు పట్టినా కదలవు. మన కన్ను ముందే ఒక లెక్క వేసుకుంటుంది, స్టేజి మీద శరీరం ఆ లెక్కను తప్పు చేస్తుంది. అక్కడే చూసేవాళ్ళ ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. ఒక నర్తకి స్తంభానికి పట్టీ వేసుకుని, తాడి ఎక్కిన గీత కార్మికుడు మోకు మీద వాలినట్టు పూర్తిగా వెనక్కి వాలినప్పుడు, ఆ స్తంభం ఎంత బలంగా నిలబడిందో మీకు మొదటిసారి తెలుస్తుంది. అంతకుముందు అది ఊరికే ఒక స్తంభం.

ఆ తర్వాత ఖాళీని చూడండి. ఇద్దరు నర్తకుల మధ్య మూడడుగులుంటే ఒక బంధం, పదిహేనడుగులుంటే ఇంకొకటి. ఆ పదిహేనడుగుల్లో ఒక ఇనుప చట్రం పెడితే ఒకరినొకరు చూసుకునే తీరే మారిపోతుంది. అర్థం మీకు తోస్తే తోస్తుంది, తోచకపోతే దిగులు పడకండి. బరువు ఎటు నుంచి ఎటు వెళ్ళిందో గంటసేపు వదలకుండా చూసినవాళ్ళు మా దృష్టిలో ప్రదర్శనను పూర్తిగా చూసినట్టే.

మంచి సెట్టింగుకూ దీనికీ తేడా ఏమిటి?

సెట్టింగు చోటు చెబుతుంది. పద్యనాటకంలో రాజదర్బారు తెర పడితే మనం దర్బారులో ఉన్నాం, అడవి తెర పడితే అడవిలో ఉన్నాం. సురభి నాటక సమాజాల వాళ్ళు ఆ విద్యను ఎంత ఎత్తుకు తీసుకెళ్ళారో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. దాని పట్ల మాకు చాలా గౌరవం ఉంది. కానీ తెర మీది చెట్టుకు నటుడు ఆనుకోలేడు, ఆనుకుంటే తెర కదులుతుంది. మేం పెట్టే శిల్పం ఆనుకోవడానికి, ఎక్కడానికి, దాటడానికి, అడ్డం పడటానికి ఉంది. అది నర్తకిని ఎదిరిస్తుంది. ఎదిరించని వస్తువును స్టేజి మీద పెట్టొద్దని మాలో మేం పెట్టుకున్న నియమం.

ఇది విదేశాల నుంచి తెచ్చుకున్న పద్ధతి కదా? మనకెందుకు?

ఈ తరహా ప్రయోగాల్లో పేరున్నవి చాలావరకు బయట జరిగినవే. దాచాల్సిన పని లేదు. 1922లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆస్కార్ ష్లెమ్మర్ నర్తకుల దుస్తుల్నే గోళాలుగా, శంకువులుగా, చుట్టలుగా మలిచాడు. ఒళ్ళు ఎలా కదలాలో ఆ దుస్తులే నిర్ణయించాయి. 1935లో అమెరికాలో మార్తా గ్రహమ్ ఒంటరిగా చేసిన ఒక నృత్యానికి శిల్పి ఇసాము నొగూచీ పెట్టింది ఒక కంచె ముక్క, దాని వెనక నుంచి స్టేజి పైమూలలకు లాగి కట్టిన తాడు. అంతే! ఆ తాడుతో స్టేజి అంతులేని మైదానమైపోయింది. 1946లో మరో నృత్యం కోసం ఆయన ఇత్తడి తీగలతో ఒక శిల్పం చేశాడు, నర్తకి చివర్లో దాన్ని ఒంటికి తొడుక్కుంటుంది. 1961లో సిమోన్ ఫోర్టీ ఏటవాలుగా పెట్టిన చెక్కకు తాళ్ళు కట్టి, వాటిని పట్టుకుని మనుషులు అటూ ఇటూ పాకడమే నృత్యమంది. 1970లో త్రిషా బ్రౌన్ ఒక మనిషిని తాళ్ళ ఆధారంతో న్యూయార్క్ భవనం గోడ మీద నిటారుగా కిందికి నడిపించింది. 2008లో సీదీ లార్బీ షెర్కావీ షావొలిన్ బౌద్ధ సన్యాసులతో చేసిన నృత్యానికి శిల్పి ఆంటొనీ గోర్మ్‌లీ 21 చెక్కపెట్టెలు ఇచ్చాడు. అవే మంచాలయ్యాయి, గోడలయ్యాయి, పడవలయ్యాయి. మన దేశంలో చెన్నైలో ఉండి పనిచేసిన చంద్రలేఖ భరతనాట్యం, యోగం, కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు మూడింటినీ దగ్గర చేసి, 1985 నాటి ‘అంగిక’ నుంచి శరీరం గీసే రేఖల మీదే పెద్ద పని చేశారు.

వీళ్ళందరి దగ్గరా మేం నేర్చుకున్నాం. అయితే ఈ పని చేయడానికి కావలసిన ముడిసరుకు కృష్ణకు రెండు ఒడ్డులా ఉంది. అమరావతి స్తూపం పలకల్నే తీసుకోండి. నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అందులో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట మదమెక్కి మనుషుల్ని విసిరికొడుతూ, ఆ పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లి. రెండు క్షణాలూ ఒకే వృత్తంలో ఉన్నాయి, మధ్యలో గీత లేదు. భయపడి వెనక్కి ఒరిగిన మనుషుల ఒళ్ళే మొదటి క్షణం నుంచి రెండో క్షణానికి మన కన్నును నడిపిస్తాయి. పల్నాటి సున్నపురాయిలో కాలాన్ని అలా కదిలించిన శిల్పి మన ప్రాంతంలోనే పనిచేశాడు. రిహార్సల్‌లో ఇద్దరు నర్తకులు ఒకే మనిషి రెండు క్షణాలుగా ఎలా ఉండాలో తేలనప్పుడు మేం ఆ పలక ఫొటోనే ముందు పెట్టుకుంటాం.

మన శాస్త్రాల్లో దీనికి ఆధారం ఉందా?

మా పనికి శాస్త్రం ముద్ర వేయించుకోవాలని మాకు లేదు. అయినా చదవాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి.

విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని విగ్రహాలు చేయడం నేర్పమంటాడు. చిత్రకళ తెలియనిదే అది తెలియదంటాడు మహర్షి. అయితే అదే నేర్పమంటే, నృత్తం, అంటే ఆట, తెలియకుండా చిత్రం పట్టుబడదంటాడు. నృత్తానికి వాద్యం కావాలి, వాద్యానికి గీతం కావాలి. శిల్పం నేర్చుకుందామని వచ్చినవాడు పాట దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది. ఈ మాటల్ని మేం అక్షరాలా పాటించాలని చూస్తాం. మాతో పనిచేసే శిల్పులు వారానికొకసారి తాళం వేస్తూ జతులు, అంటే అడుగులకు తగ్గ తాళాక్షరాలు చెబుతారు, నర్తకులు మట్టి పిసుకుతారు.

నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగం అని ఒక సంగతి ఉంది. స్టేజిని భాగాలుగా ఊహించుకుని, నటుడు ఒక చుట్టు తిరిగితే చోటు మారినట్టే. ఇల్లు, తోట, నది, పర్వతం, అన్నీ నడకతోనే పుడతాయి. సెట్టు అక్కర్లేదు. స్టేజి అంటే కట్టిన వస్తువు మాత్రమే కాదని, నడిచే మనిషి దాన్ని పుట్టిస్తాడని ఇంత స్పష్టంగా చెప్పిన ఆలోచన మనకు దొరికాక ఎలా వదులుకుంటాం?

జాయప సేనాని గురించి కూడా చెప్పాలి. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి, దివిసీమను ఏలిన వంశంవాడు. ఆయన శాసనం గుంటూరు జిల్లా చేబ్రోలులో ఉంది. 13వ శతాబ్దంలో ఆయన రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళికీ, అదే కాలపు రామప్ప గుడి శిల్పాలకూ ఉన్న దగ్గరతనాన్ని పట్టుకునే నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్ళీ స్టేజి మీదికి తెచ్చారు. రాతిలో ఆగిపోయిన భంగిమకు ముందు అడుగేమిటి, వెనక అడుగేమిటి అని ఆయన అడిగారు. మేం అడిగేదీ అదే, మా శిల్పాలకు మాత్రం కళ్ళూ ముక్కూ ఉండవు.

కూచిపూడిని పాడుచేస్తున్నారని అంటున్నారు. మీరేమంటారు?

ఆ బాధ ప్రేమలోంచి వచ్చిందని మాకు తెలుసు. మాలో చాలామంది చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నవాళ్ళే, ఇప్పటికీ గురువు గారి దగ్గర సాధన చేస్తున్నవాళ్ళే. తరంగం ఆడేటప్పుడు సంప్రదాయం తరంగంలాగే ఆడతారు. అందులో మేం వేలు పెట్టం. మా ప్రదర్శనకు కూచిపూడి అని పేరు పెట్టుకోం.

కానీ కూచిపూడి దగ్గర ఈ విద్య లేదనుకోవడం సరికాదు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, తల మీద చెంబుతో, జతికి తగ్గట్టు పళ్ళేన్ని జరుపుకుంటూ వెళ్ళే నర్తకిని చూడండి. పళ్ళెం లేకపోతే ఆ నడక లేదు, నడక లేకపోతే పళ్ళెం వంటింటి సామాను. భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా సత్యభామ జడ మాత్రం బయటికి వేస్తుంది. మనిషి ఇంకా కనపడలేదు, స్టేజి మాత్రం ఆమెతో నిండిపోయింది. సింహనందినిలో నర్తకి 128 అక్షరాల సింహనందన తాళానికి ఆడుతూ నేల మీది రంగుపొడిలో పాదాలతో సింహం బొమ్మ గీస్తుంది. ఆట ముగిశాక నేల మీద మిగిలేది బొమ్మ. వస్తువు, ఒళ్ళు, చోటు కలిసే మూడు వేర్వేరు దారులు ఒకే సంప్రదాయంలో ఉన్నాయి, ఆ సంప్రదాయం పుట్టిన ఊరికి విజయవాడ నుంచి బస్సులో వెళ్ళి రావచ్చు. మేం ఆ దారుల్లోనే ఇంకొంచెం ముందుకు నడవాలనుకుంటున్నాం.

శిల్పాల మీద కాళ్ళు పెడుతున్నారు. తప్పు కాదా?

ఇది చాలామంది పెద్దలు నొచ్చుకుని అడిగారు. అందుకే వివరంగా చెబుతాం.

మొదటిది, మేం దేవతామూర్తుల్ని గానీ, ఆ పోలిక ఉన్న రూపాల్ని గానీ ఎక్కే వస్తువులుగా వాడం. ఇందులో రెండో మాట లేదు. రెండోది, మన స్థపతుల పద్ధతి ఒకసారి గుర్తు చేసుకోండి. రాతిని చెక్కేటప్పుడు శిల్పి దాని మీదే కూర్చుంటారు, పాదంతో అదిమిపట్టి ఉలి వేస్తారు. కళ్ళు తెరిపించే క్రతువు, ప్రాణప్రతిష్ఠ జరిగాకే అది పూజామూర్తి. అప్పటిదాకా అది పని జరుగుతున్న రాయి. మా చట్రాలు, దిమ్మెలు ఎప్పటికీ ఆ దశలోనే ఉంటాయి. మూడోది, నాట్యానికి ముందు నేలను తాకి కళ్ళకద్దుకోవడం మనకు అలవాటు. భూమిని తొక్కబోతున్నందుకు ముందుగానే క్షమించమని అడగడం అది. మా నర్తకులు శిల్పం దగ్గరా అదే చేస్తారు. అది చూపించడానికి చేసేది కాదు కాబట్టి తెర తీయకముందే అయిపోతుంది, మీకు కనపడదు.

పాదమంటే తక్కువైనదని నాట్యం చేసేవాళ్ళు ఎప్పుడూ అనుకోలేదు. ఆ పాదం కిందికొచ్చే వస్తువు మాకు చాలా విలువైనది.

శిల్పాలు దేనితో చేస్తారు? రాయితోనేనా?

రాయి చాలా అరుదు. ఘనపు మీటరు సున్నపురాయి సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది. చెక్కలతో కట్టిన ఏ స్టేజి మీదా దాన్ని పెట్టలేం. పల్నాడులోని దుర్గి శిల్పుల చేతిపని మీద మాకు ఎంతో ఇష్టమున్నా, వాళ్ళ దగ్గర నుంచి తెచ్చేవి పిడికిట్లో పట్టేంత చిన్నవి. నర్తకులు వాటిని చేతుల్లోనో ఒంటి మీదో మోస్తారు. చిన్న రాయి పొట్ట మీద పెట్టుకుని పడుకుంటే ఊపిరి కనిపిస్తుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు.

ఎక్కువగా వాడేది ఇనుము. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వెల్డర్లకు చట్రం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో చేత్తో తడిమి చెప్పగల అనుభవం ఉంది. ఒక లెక్క చెబుతాం. అంగుళం చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందంది, మీటరుకు కిలోన్నరకు కొంచెం తక్కువ తూగుతుంది. ఆరడుగుల ఘనాకారానికి పన్నెండు అంచులు, మొత్తం 22 మీటర్లు, అంటే దాదాపు 32 కిలోలు. ఇద్దరు మోయొచ్చు, ఒక్కరు కష్టం. అల్యూమినియంతో చేస్తే అందులో మూడోవంతు, అప్పుడు ఒక్క మనిషే మొత్తం ఘనాన్ని నెత్తికెత్తుకుని తిరగొచ్చు. ‘ఇద్దరు కావాలా, ఒక్కరు చాలా’ అన్నది లోహం కొనే దగ్గరే తేలిపోతుంది. అందుకే పైపు కొనే రోజున నాట్యం కూర్చేవాళ్ళు కూడా కొట్టుకు వెళతారు.

కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి కర్ర మాకు మరో వరం. తేలిక, మెత్తన. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడిస్తే ఎక్కడ అతికారో తెలియదు. ఒంటికి తొడుక్కునే భాగాలు, అంటే భుజం మీది కొమ్ములు, వీపు మీది పలకలు దాంతో చేయిస్తాం. మనిషి ఎక్కి నిలబడేవి మాత్రం దాంతో చేయకూడదు, అంత బలం ఉండదు. మనిషి ఒంటికి మూస తీసి పోసే ఫైబర్ రూపాల కోసం తెనాలి వెళతాం. విగ్రహాల పనిలో ఆ ఊరికున్న పేరు మీకు తెలిసిందే.

థర్మాకోల్ వాడం. చూడ్డానికి ఏదైనా అవుతుంది గానీ ఒంటికి ఏమీ తిరిగి చెప్పదు.

ప్రమాదం కాదా?

జాగ్రత్త లేకపోతే ప్రమాదమే. ఎత్తు నుంచి దూకి దిగేటప్పుడు నేల మీద పడే బలం మనిషి బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. కాబట్టి చట్రాన్ని నిలబడే మనిషి బరువుకు సరిపెడితే చాలదు. నర్తకి ఎక్కే ముందు ఇసుక బస్తాలు వేసి ఊపి చూస్తాం. ఎత్తు పెరిగేకొద్దీ అడుగు వెడల్పు పెంచుతాం, ఒరిగిపోకుండా అడుగున బరువు బిగిస్తాం. వెల్డింగ్ అతుకులన్నీ గ్రైండ్ చేసి వేలితో తడిమి చూశాకే ఉత్త కాళ్ళతో ఎక్కనిస్తాం. ఎండాకాలంలో ఆరుబయట ఇనుము పెట్టం, బెజవాడ మే నెల ఎండకు అది పెనం అవుతుంది. చెమట పట్టిన అరచెయ్యి కడ్డీ మీద జారుతుంది కాబట్టి పట్టుకునే చోట నూలుగుడ్డ చుడతాం, ఆ చుట్టడమూ శిల్పంలో భాగంగానే కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు తలకు మించిన ఎత్తు ఎక్కరు.

ఏ హాల్లో వేస్తారు? కుర్చీలు మూడు వైపులా ఎందుకు?

విజయవాడలోని తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం లాంటి హాళ్ళు మన ఊళ్ళకు పెద్ద ఆస్తి. అక్కడ వందలమంది ఒకే వైపు నుంచి చూస్తారు. అభినయానికి, పద్యానికి అది సరిపోతుంది. శిల్పానికి ఒకే ముఖం ఉండదు, చుట్టూ తిరిగితేనే అది మొత్తం కనిపిస్తుంది. అందుకని పెద్ద హాలు దొరికినా ఒక్కోసారి జనాన్ని స్టేజి మీదికే పిలిచి మూడు వైపులా కూర్చోబెట్టి, కింద కుర్చీలు ఖాళీగా వదిలేస్తాం. అద్దె కట్టి కుర్చీలు ఖాళీగా వదలడమేమిటని అడుగుతారు. నర్తకి ఆ ఖాళీ వరసల వైపు తిరిగి నిలబడినప్పుడు కారణం మీకే తెలుస్తుంది.

చిన్న చోటు గురించి నాట్యశాస్త్రంలో భరతుడు ఎప్పుడో చెప్పాడు. మనుషుల నాట్యానికి తగినదని ఆయన చెప్పిన మండపం 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు. అందులో సగం చూసేవాళ్ళకు, సగం ఆడేవాళ్ళకు. అంతకన్నా పెద్దదైతే మాట చెదిరిపోతుంది, ముఖంలో భావం అందదు అన్నాడు. మా అనుభవంలో వేళ్ళ చివర వణుకు కూడా అందదు. అందుకే కళ్యాణమండపాల డైనింగ్ హాళ్ళు, పాత పొగాకు గోడౌన్లు, కాలేజీల డ్రాయింగ్ హాళ్ళు అడుగుతుంటాం. నేల చదునుగా ఉండి, పైకప్పు పదిహేనడుగులకు తగ్గకపోతే చాలు.

ఉండవల్లి గుహల్లోనో అమరావతి స్తూపం దగ్గరో వేస్తే ఎంత బాగుంటుంది!

బాగుంటుంది, కానీ వేయకూడదు. అవి రక్షిత కట్టడాలు. పురావస్తు శాఖ అనుమతి లేకుండా అక్కడ ఏ కార్యక్రమమూ చేయడానికి లేదు. అనుమతి దొరికినా ఇనుప చట్రాలు, లైట్లు, జనం అక్కడికి తీసుకెళ్ళడం మాకు మనస్కరించదు. పదిహేను వందల ఏళ్ళు నిలిచిన రాయికి మా చట్రం గీత పడితే దాన్ని ఎవరూ మాన్పలేరు.

మేం చేసేది వేరు. కొత్తగా చేరినవాళ్ళను ఉండవల్లికీ మొగల్రాజపురం గుహలకూ తీసుకెళ్ళి ఊరికే నిలబెడతాం. ఉండవల్లిలో శయనించిన అనంతపద్మనాభుడి పొడవునా నడవమంటాం. ఒకే చూపులో ఆ మూర్తి మొత్తం పట్టదు, నడిస్తేనే పడుతుంది. చూసేవాణ్ణి నడిపించే శిల్పం నాట్యం కూర్చినట్టే కదా. బందరు రోడ్డు మీదున్న బాపు మ్యూజియానికి కూడా వెళ్ళి చూడండి, రాతి బొమ్మల ముందు కాసేపు వాటి కాళ్ళ మీద బరువెటుందో చూస్తూ నిలబడండి.

సంగీతం ఉంటుందా?

ఒక్కోసారి మృదంగం, ఒక్కోసారి నట్టువాంగం తాళాలు మాత్రమే. కొన్ని భాగాల్లో శిల్పమే వాద్యం: ఇనుప గొట్టాన్ని మడమతో తడితే వచ్చే మోత, చెక్క మీద గజ్జెలు ఈడ్చిన చప్పుడు. నిశ్శబ్దం ఎక్కువసేపు ఉంటుంది, అప్పుడు సెల్‌ఫోన్ మోగితే అందరికీ వినపడుతుంది. దయచేసి ఆపి రండి.

ఎందుకంత నెమ్మదిగా కదులుతారు?

వేగంగా కదిలితే బరువు కనపడదు. పడిపోతున్న మనిషిని అర సెకనులో చూస్తే పడ్డాడనే తెలుస్తుంది. అదే పడటాన్ని రెండు నిమిషాలకు సాగదీస్తే ఏ కండ ఎప్పుడు వదిలేసిందో చూడొచ్చు. నెమ్మదిగా కదలడం దూకడం కన్నా చాలా కష్టం. ప్రదర్శన అయ్యాక ఆ నర్తకుల తొడలు వణకడం మేం దగ్గర్నుంచి చూస్తుంటాం. అయితే ప్రదర్శనంతా ఒకే నడక ఉండదు, వేగం అందుకునే భాగాలు కూడా ఉంటాయి.

చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా?

తప్పకుండా. పిల్లలు ‘దీని అర్థమేంటి’ అని అడగరు, ‘ఆ అక్క ఎలా పడలేదు’ అని అడుగుతారు. సరైన ప్రశ్న అదే. ఎత్తు నుంచి వాలే ఘట్టాలకు భయపడే పసివాళ్ళుంటే వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చోండి.

మా అమ్మాయికి అరంగేట్రం కాలేదు. చేరవచ్చా?

చేరవచ్చు. అసలు నాట్యం నేర్చుకోనివాళ్ళు, కబడ్డీ ఆడినవాళ్ళు, కర్రసాము తెలిసినవాళ్ళు కూడా మాతో ఉన్నారు. మొదట్లో అడుగులు నేర్పం. ఒకరి బరువు ఒకరు మోయడం, గోడకు వాలడం, నేల మీదికి చప్పుడు లేకుండా దిగడం నేర్పుతాం. ఇప్పటికే ఒక గురువు దగ్గర నేర్చుకుంటుంటే వారికి చెప్పి, వారి సమ్మతితోనే రండి.

మేం శిల్పం చదువుకుంటున్నాం. మా పేరు పోస్టర్ మీద ఉంటుందా?

నాట్యం కూర్చినవారి పేరు ఏ అక్షరాల్లో ఉంటే శిల్పి పేరూ అదే అక్షరాల్లో ఉంటుంది. వెల్డర్ పేరు, లైటింగ్ చేసినవారి పేరు కూడా ఉంటాయి. సామాను ఖర్చు, చేతికూలి రెండూ ప్రదర్శనకు ముందే ఇచ్చేస్తాం. మన దగ్గర స్టేజి పనివాళ్ళకు చివర్లో, మిగిలితే ఇచ్చే అలవాటు ఎక్కువ. అది పోవాలన్నది మా పట్టుదల. మీరు వచ్చేటప్పుడు పూర్తయిన బొమ్మలు తేవద్దు, సగంలో ఆగినవి తెండి. నర్తకి ఏం చేయగలదో తెలిశాక మిగతా సగం పూర్తి చేద్దురుగాని.

ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చా?

మొదటి పది నిమిషాలు తీసుకోండి, ఫ్లాష్ లేకుండా. తర్వాత వద్దు. ఏటవాలు చెక్క మీద ఉన్న నర్తకి కళ్ళలో వెలుగు పడితే ఆమె నేలను అంచనా వేయలేదు.

ప్రదర్శన అయ్యాక శిల్పాల్ని తాకవచ్చా? తర్వాత అవి ఏమవుతాయి?

తాకవచ్చు, తాకాలి కూడా. లైట్లు వేశాక అరగంటసేపు స్టేజి తెరిచే ఉంచుతాం. చెప్పులు విప్పి పైకి రండి. చట్రాన్ని ఇద్దరు పట్టి ఎత్తి చూడండి, ఏటవాలు చెక్క మీద ఒక్క నిమిషం నిలబడి చూడండి, మా వాళ్ళు పక్కనే ఉండి పట్టుకుంటారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎక్కవద్దు, చేత్తో నొక్కి చూడండి. నర్తకుల చెమట ఇంకా ఆరి ఉండదు, తుడవడానికి గుడ్డలు అక్కడే పెడతాం.

ఇనుప చట్రాల్ని మళ్ళీ కోసి తర్వాతి ప్రదర్శనకు వాడతాం. పొణికి కర్ర పలకలు తడి తగలకుండా గుడ్డలో చుట్టి దాచుకుంటాం. ఫైబర్ రూపాల్ని కాలేజీలు, బడులు అడిగితే ఇస్తాం, తీసుకెళ్ళే బండి మాత్రం మీరే తెచ్చుకోవాలి.